కుర్చీ ఊళ్లో... కుషను పట్నంలో!

వెనుకటి రోజుల్లో పల్లెల్లో భోజనానికి పీట వేసేవారు. ఇప్పుడు ఓ మోస్తరు రైతు ఇంట్లోనూ డైనింగ్ టేబుల్ కనిపిస్తోంది. దీన్ని షోకు కింద కొట్టిపారేయడానికి లేదు. మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోలేని పెద్దవాళ్లు లేని ఇల్లు అరుదు. వాళ్లకు బల్ల, కుర్చీ అవసరమే.

పాత పెంకుటిల్లు విప్పినప్పుడు దిగిన టేకు దూలాలు, వాసాలు ఉన్నవాళ్లు ఇప్పటికీ ఊరి వడ్రంగినే పిలిపించుకుంటున్నారు. ఏళ్ల తరబడి ఇంటిని మోసిన కలప అది. ఇక వంకర తిరగదు, బిగుసుకోదు. అలాంటి చెక్కతో బెజ్జం కొట్టి, కుసి దించి చేసిన కుర్చీ మనవళ్ల కాలానికీ చెక్కుచెదరదు. గోదావరి జిల్లాల వడ్రంగుల పనితనానికి వంక పెట్టడానికి లేదు.

చిక్కంతా కూర్చునే చోటే వస్తోంది. ఆరు కుర్చీలు పూర్తయ్యాక వాటిని ఆటోలో వేసి పట్నంలో కుషన్ షాపుకు తోలడం చాలా ఊళ్లలో రివాజు. అక్కడ ప్లైవుడ్ ముక్క మీద ఫోమ్ ముక్క అంటించి, పైన రెగ్జిన్ బిగించి, అంచుల్లో మేకులు కొట్టి ఇస్తారు. అందరూ అలాగే చేస్తారని కాదు. మంచి పనివాళ్లూ ఉన్నారు. కాని తొందర పని, చవక సరుకు కలిస్తే జరిగేది ఒకటే. రెండు మూడు వేసవులు గడిచేసరికి మధ్యలో గుంట పడుతుంది. ఫోమ్ పొడి పొడిగా రాలుతుంది. రెగ్జిన్ అంచుల దగ్గర పగులుతుంది. అప్పుడు చుట్టాలు మెత్త వేసిందెవరని అడగరు, కుర్చీ చేసిందెవరని అడుగుతారు. కూలి డబ్బులో మంచి వాటా పట్నానికి పోతే, చెడ్డపేరు మాత్రం ఊరి వడ్రంగికి దక్కుతోంది.

నిజానికి ఈ పని వడ్రంగికి రానిదేమీ కాదు. కావలసిన సరుకులో చాలా భాగం మన లంకల్లో, సంతల్లో దొరికేదే.

ముందుగా కొలత

డైనింగ్ టేబుల్ ఎత్తు సాధారణంగా 30 అంగుళాలు. మనిషి కూర్చున్నాక సీటు ఎత్తు 17, 18 అంగుళాలు ఉండాలి. అంటే మెత్త ఎంత మందం వస్తుందో, మనిషి బరువుకు ఎంత అణుగుతుందో తెలిశాకే కుర్చీ కాళ్లు కోయాలి. ఇద్దరు పనివాళ్లు వేర్వేరు ఊళ్లలో ఉంటే ఈ లెక్క ఎవరూ చూడరు. వడ్రంగి 18 అంగుళాలకు చట్రం కట్టేస్తాడు. షాపులో దాని మీద మూడంగుళాల ఫోమ్ ఎక్కిస్తారు. ఇంట్లో పొట్టిగా ఉండే ముసలావిడ కూర్చుంటే కాళ్లు గాలిలో వేలాడతాయి, తొడల కింద అంచు ఒత్తుకుని తిమ్మిరెక్కుతాయి. ఎవరి కోసం కుర్చీలు చేయించారో వాళ్లే వాటి మీద కూర్చోలేకపోతారు.

మెత్త మరీ మెత్తన కావడం కూడా మంచిది కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లోపలికి కూరుకుపోతే పైకి లేవడం కష్టం. సోఫాలో చెల్లే మెత్తదనం భోజనాల కుర్చీలో చెల్లదు. అణిగీ అణగనట్టు ఉండాలి.

విడి చట్రం

సీటును కుర్చీకి శాశ్వతంగా బిగించకుండా విడి చట్రంగా చేయడం అన్నిటికంటే మేలైన పద్ధతి. కుర్చీ పట్టీల లోపలి అంచున అరంగుళం గాడి తీస్తే చట్రం అందులో కూర్చుంటుంది. చట్రానికి టేకు అక్కర్లేదు. మేకు పట్టే మామూలు కలప, రెండంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉంటే చాలు. పొడుగు వెడల్పులు మాత్రం గాడి కంటే కాస్త తగ్గాలి. ఒక్కో వైపు అంగుళంలో ఎనిమిదో వంతు వదిలితే గుడ్డ మడత పట్టడానికి సరిపోతుంది. ఇది మరిచి చట్రాన్ని బిగువుగా చేస్తే, గుడ్డ వేశాక సుత్తితో కొట్టి దించాల్సి వస్తుంది. ఆ దెబ్బకు కుర్చీ కుసులే విడిపోతాయి. పై అంచులను చిత్రికతో కాస్త గుండ్రం చేయాలి. లేకపోతే పదును అంచు గుడ్డను కోసేస్తుంది.

విడి సీటుతో మరో లాభం ఉంది. పల్లెల్లో కుషన్ కుర్చీ అనగానే పెద్దవాళ్లు నల్లులు పడతాయని భయపడతారు. ఆ భయంలో అబద్ధం లేదు. విడి సీటయితే నెలకోసారి పైకి తీసి, ఎండలో పెట్టి దులుపుకోవచ్చు.

అడుగున నవారు, పైన పీచు

ప్లైవుడ్ బదులు అడుగున మంచానికి వాడే నూలు నవారు బిగిస్తే సీటుకు ప్రాణం వస్తుంది. నిలువు మూడు, అడ్డం మూడు పట్టీలు తడిక అల్లినట్టు ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా పోనివ్వాలి. కొసను మూడు మేకులతో కొట్టి, మడిచి, మడత మీద మరో రెండు కొట్టాలి. రెండో కొసను వట్టి చేత్తో లాగితే చాలదు. చెక్క ముక్కకు నవారు చుట్టి, చట్రానికి ఆనించి మీటితే తంబురా తీగలా బిగుస్తుంది. కొత్త నవారు వాడటమే మంచిది, వాడిన నవారు త్వరగా సాగిపోతుంది. 18 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల లోతు ఉన్న సీటుకు మడతలతో కలిపి పది అడుగుల నవారు పడుతుంది. ఆరు కుర్చీలకు 20 గజాలు.

నవారు మీద గోనెపట్ట పరిచి మేకులు కొట్టాలి. ఆ పట్టకు దబ్బనంతో పురికొస వదులుగా ఉచ్చులు ఉచ్చులుగా కుట్టి, ఆ ఉచ్చుల కింద కొబ్బరి పీచు దోపుతారు. ఈ ఉచ్చులే పీచును కదలకుండా పట్టి ఉంచుతాయి. పీచు వదులుగా మూడంగుళాలు పోస్తే, బిగించాక సగానికి దిగుతుంది. మధ్యలో కాస్త ఎక్కువ పోయాలి, ముందుగా అణిగేది అక్కడే.

కోనసీమలో పీచుకు కరువేముంది! కాని కుప్పలోంచి తెచ్చింది తెచ్చినట్టు వాడకూడదు. పొట్టు పూర్తిగా దులిపి, రెండు మూడు రోజులు ఎండలో వేసి, చేత్తో విడదీసి గుల్ల చేయాలి. ఆ పొట్టు కడియం నర్సరీల్లో మొక్కలకు పనికొస్తుంది గాని కుర్చీలో ఉంటే రోజూ కింద దుమ్ము రాలుతుంది. పీచు తేమకు త్వరగా కుళ్లదు. అణిగినా మళ్లీ పొంగుతుంది. సీటు మెత్తకు ఇవే కదా కావలసిన గుణాలు.

పీచు కొసలు గుచ్చుకోకుండా పైన ఏకిన దూది పల్చగా పరచాలి. దాని మీద ముతక గుడ్డ లాగి బిగిస్తే మెత్త సిద్ధం. బూరుగు దూది తలగడలకు హాయి గాని ఇక్కడ నిలవదు, ఉండలు కడుతుంది.

పీచు పనికి తీరిక లేనివారు నవారు, గోనెపట్టల మీద ఫోమ్ వేసుకోవచ్చు. అప్పుడు డెన్సిటీ అడిగి మరీ కొనాలి. ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో చెప్పే లెక్క అది. రోజూ కూర్చునే కుర్చీకి 40 డెన్సిటీ, రెండంగుళాల మందం ఉంటే నిలుస్తుంది. చేత్తో నొక్కి చూసి కొంటే మోసపోయే అవకాశం ఉంది, తక్కువ డెన్సిటీ ఫోమ్ కూడా కొత్తలో మెత్తగా, ముచ్చటగానే ఉంటుంది.

పై గుడ్డ సంగతి

రెగ్జిన్ అన్నది మొదట ఇంగ్లండులో ఒక కంపెనీ తన సరుకుకు పెట్టుకున్న పేరు. మన దగ్గర అదే ఆ రకం గుడ్డకు పేరైపోయింది. పప్పు, పులుసు ఒలికితే తుడుచుకోవడానికి దానికి మించింది లేదు. కాని మే నెలలో చెమటకు వంటికి అతుక్కుంటుంది. దళసరి నూలు గుడ్డ చల్లగా ఉంటుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాల వంటి దిట్టమైన నేత అయితే మరీ మంచిది. పిల్లలున్న ఇంట్లో రెగ్జిన్, పెద్దలు మాత్రమే ఉన్న ఇంట్లో నూలు గుడ్డ అనుకుంటే సరి.

గుడ్డ బిగించేటప్పుడు మూలల దగ్గర మొదలుపెట్టరాదు. నాలుగు వైపులా మధ్యలో ఒక్కో మేకు సగం దించి, గీతలు, పువ్వులు వంకర పోలేదని చూసుకుని, అక్కడి నుంచి మూలలకు నడవాలి. మూలల మడతలు చివరి పని. అడుగున పల్చని గుడ్డ వేయాలి గాని అక్కడ కూడా రెగ్జిన్ వేస్తే గాలి ఆడదు, లోపల చెమ్మ నిలిచి వాసన వస్తుంది.

మొదటి సీటుకు రోజంతా పట్టినా, చేయి తిరిగాక పని చకచకా సాగుతుంది. వడ్రంగి దగ్గర లేని పనిముట్లు దబ్బనం, కత్తెర మాత్రమే. ఇంటి ఆడవాళ్లు దూది ఏకడం, ఉచ్చులు కుట్టడం చేయగలరు. ఆ కూలి కూడా ఇంట్లోనే ఉంటుంది.

కేంద్రం 2023 సెప్టెంబరులో ప్రారంభించిన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది, కొబ్బరి పీచు అల్లిక కూడా ఉంది. కుర్చీలకు మెత్త వేసే పనికి మాత్రం విడిగా చోటు లేదు. వడ్రంగుల శిక్షణలోనే దీన్ని కూడా నేర్పితే జిల్లాలో ఎందరికో ఏడాది పొడుగునా పని దొరుకుతుంది. కాయిర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం రాజమహేంద్రవరంలోనే ఉంది కనుక, పీచు ఉన్నచోట ఈ పని నేర్పించడం అధికారులు తలుచుకుంటే కష్టం కాదు.

చేయించుకునేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. చేత్తో చేసిన ఆరు కుర్చీలు చూడటానికి ఒక్కలాగే ఉన్నా కొలతల్లో వెంట్రుకవాసి తేడాలుంటాయి. ఒక దాని సీటు మరో దానిలో సరిగా దిగదు. అందుకే గుడ్డ వేయకముందే ప్రతి చట్రం అడుగున, ఆ కుర్చీ లోపలి పట్టీ మీద ఉలితో ఒకే అంకె చెక్కించుకోవాలి. పెన్సిలు గీత అయితే చెరిగిపోతుంది.