ఉకులేలేపై అడ్డువ్రేలి పట్టు

ఉకులేలే యనునది నాలుగు తంత్రులుగల చిన్న వాద్యము. 1879వ సంవత్సరమున పోర్చుగీసువారి మదీరా ద్వీపమునుండి కొందఱు చెఱకుతోటలలో పనిచేయుటకై హవాయి ద్వీపములకు వలసపోయిరి. వారితో వచ్చిన మాన్యువల్ నూనిస్ మొదలగు మువ్వురు కొయ్యపనివారు తమ దేశపు చిన్న వాద్యమును కొంత మార్చి హోనొలూలూ నగరమున దీనిని చేయసాగిరి. కలాకౌవా రాజు దీని నాదరించెను.

వీణపై మనము రాగమును స్వరమువెంట స్వరముగా నడపుదుము. ఉకులేలేపై నట్లుగాక, నాలుగు తంత్రులను ఒక్కమారు మీటి షడ్జ, అంతరగాంధార, పంచమములను కలిపి పలికింతురు. ఈ స్వరకూటమికి కార్డు అని పేరు. ఒకటి రెండు వ్రేళ్లతో పట్టదగిన కార్డులు త్వరలోనే వచ్చును. పిమ్మట బి ఫ్లాట్ అను కార్డు ఎదురగును. అచ్చట పలువురు, ముఖ్యముగా వయసు మీఱినవారు, "నా చేయి దీనికి తగదు" అని వాద్యమును గోడకు తగిలింతురు. లోపము చేతిది కాదు, పట్టిన విధమునది.

పట్టు ఇట్టిది. వాద్యమును చేతబట్టినప్పుడు నేలవైపు నుండునది మొదటి తంత్రి. చూపుడువ్రేలిని మొదటి మెట్టుకడ మొదటి రెండు తంత్రులపై అడ్డముగా పరుండబెట్టవలెను. నడిమివ్రేలు రెండవ మెట్టుకడ మూడవ తంత్రిని, ఉంగరపువ్రేలు మూడవ మెట్టుకడ నాలుగవ తంత్రిని నొక్కవలెను.

కష్టమునకు కారణము లేవి? రెండు గుంజలకు గట్టిన త్రాడు నడుమ సులభముగా వంగును, గుంజకడ వంగదు. అట్లే మేరువునకు చేరువనున్న మొదటి మెట్టుకడ తంత్రి బిరుసుగా నుండును. మఱియు వ్రేలి కణుపుకడ నున్న ముడుతలో తంత్రి పడినచో నాదము మూగవోవును.

కావున ఈ పట్టును మొదట చూపుడువ్రేలు మూడవ మెట్టుకడ నుండునట్లు అభ్యసించి, ఒక్కొక్క మెట్టే క్రిందికి దిగి రావలెను. చూపుడువ్రేలిని బొటనవ్రేలి వైపునకు కొంచెము ఒరగించినచో ఎముకగల ప్రక్క తంత్రికి తగులును. మెట్టుమీద గాక, దాని నానుకొని మేరువువైపున నొక్కవలెను. బొటనవ్రేలు దండి వెనుక నడుమ నుండవలెను. వ్రేళ్లతో నదుమక, చేతి బరువుతో మెల్లగా వెనుకకు లాగినట్లుండిన చాలును.

పిదప తంత్రుల నొక్కొక్కటిగా మీటి చూడుడు. ఈ కార్డునందు మొదటి తంత్రియు నాలుగవ తంత్రియు ఒకే షడ్జమును పలుకును. శ్రుతి సరిగానున్నను అవి కలియకున్నచో, ఏదో వ్రేలు తంత్రిని ప్రక్కకు లాగుచున్నదని గాని, మితిమీఱి నొక్కుచున్నదని గాని తెలిసికొనుడు.

దినమునకు రెండుమార్లు ఐదేసి నిమిషములు చాలును. వ్రేలికొనల చర్మము మండుట సహజము. కీళ్లు నొచ్చినచో వెంటనే ఆపవలెను. మేరువుకడ తంత్రులు మిక్కిలి ఎత్తుగా నున్నచో వాద్యములు బాగుచేయువానిచే గాళ్లను లోతు చేయించుకొనవలెను.

ఈ శ్రమకు ఫలము గొప్పది. ఇదే పట్టును ఒక మెట్టు పైకి జరిపిన బి కార్డు, రెండు మెట్లు జరిపిన సి కార్డు పలుకును. తాతగారి గొంతునకు తగిన శ్రుతి యొకటి, మనుమరాలి గొంతునకు తగినది వేఱొకటి. ఈ పట్టు తెలిసిన చేయి ఎవరి గొంతునకైనను అనుసరించి నడువగలదు. కావున గోడకు తగిలించిన వాద్యమును మరల చేతికి తీసికొనుడు.