సిగ్గు చాటున ముదిరే రోగం

కొన్ని రోగాల పేరెత్తడానికే మన వాడల్లో జంకుతారు. పురుషాంగ క్యాన్సర్ అలాంటిది. అంగం మీద పుండు లేస్తే పెళ్లానికి కూడా చెప్పరు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే సుఖరోగమని సూది వేసి, పూతమందు ఇచ్చి పంపుతాడు. నెలలు గడుస్తాయి. నయమయ్యే రోగం ప్రాణం మీదికొచ్చేది ఈ నెలల్లోనే.

అమెరికా, ఐరోపా దేశాల్లో ఈ రోగం చాలా అరుదు. ఇండియా, బ్రెజిల్, ఉగాండా వంటి చోట్ల ఎక్కువ. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 36 వేల మందికి కొత్తగా వచ్చిందని అంచనా. అంటే ఇది ప్రధానంగా పేదల రోగం. ముందరి చర్మం వెనక్కి రాకుండా బిగుసుకుపోవడం, దాని కింద మురికి చేరి ఏళ్ల తరబడి వాపు ఉండడం, హెచ్‌పీవీ అనే వైరస్, బీడీ, ఖైనీ - ఇవీ ముఖ్య కారణాలు. ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తెచ్చేదీ ఈ వైరసే.

వైద్య గ్రంథాలు 'పరిశుభ్రత లోపం' అని రాసి ఊరుకుంటాయి. ఆ మాటను మేం అక్కడితో వదలదలచుకోలేదు. చెరువు నీళ్లు ముట్టుకునే హక్కు కోసం అంబేద్కర్ 1927లో మహద్‌లో వేలమందితో నడవాల్సి వచ్చింది. ఊరి బావి నుంచి తరిమి, వాడకు నీళ్లు రానీయక, ఆనక వీళ్లు మురికివాళ్లు అనడం పాత పద్ధతే. ఒళ్లు కడుక్కోవడానికి నీళ్లే కాదు, తలుపున్న గది కూడా కావాలి. ఇది రోగి చేసిన పాపం కాదు.

గుర్తుపట్టడం ఎలా? మూడు నాలుగు వారాలైనా మానని పుండు, ఎర్రని మచ్చ, కాయ, చర్మం కింద నుంచి కారే కంపు నీరు, నెత్తురు. నొప్పి ఉండకపోవచ్చు. నొప్పి లేదు గదా అని ఊరుకోవడమే మోసం. కొందరికి గజ్జల్లో బిళ్లలు కడతాయి. ఖాయం చేసేది ముక్క పరీక్ష ఒక్కటే. ముక్క కోస్తే రోగం పాకుతుందన్న మాట అబద్ధం. గజ్జల్లోని బిళ్ల చీము వల్ల కూడా కట్టొచ్చు కాబట్టి సూదితో కణాలు తీసి చూస్తారు. అవసరమైతే స్కానింగ్ చేస్తారు.

పై పొరలో ఉన్నప్పుడే దొరికితే పూతమందు, లేజర్, సున్తీ వంటి వాటితో అంగం దక్కుతుంది. లోతుకు పోతే కొంత భాగం తీసేస్తారు. మిగిలిన దానితో చాలామంది నిలబడే మూత్రం పోసుకోగలరు. బాగా ముదిరితే మొత్తం తీసి, వృషణాల కింద మూత్రానికి దారి పెడతారు. అప్పుడు కూర్చుని పోయాలి. వృషణాలు ఉంటాయి గనక గొంతు మారదు, గడ్డం పోదు. గజ్జలకు పాకితే ఆ బిళ్లలూ తీయాలి. తర్వాత కాళ్లు వాచొచ్చు. రోజంతా నిలబడి కూలి చేసేవాడికి ఇది చిన్న సంగతి కాదు, డాక్టరు ముందే చెప్పాలి. కొందరికి కరెంటు పెడతారు, సిస్‌ప్లాటిన్ వంటి మందులు ఎక్కిస్తారు.

అమెరికా లెక్కల ప్రకారం రోగం అంగం దాటకముందు దొరికితే పదిమందిలో దాదాపు ఎనిమిది మంది అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. దూరపు అవయవాలకు పాకాక ఒక్కరే. ఆ ఏడుగురి ప్రాణాలూ ఆలస్యంలోనే పోతున్నాయి.

హైదరాబాదులో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిదే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ ఆపరేషన్లు ఉన్నాయి. కానీ సిగ్గు అడ్డం పడితే ఏ కార్డూ పనికిరాదు. అందుకే సంఘం మీటింగుల్లో, హాస్టళ్లలో ఈ మాట పేరు పెట్టి మాట్లాడాలి. చర్మం వెనక్కి లాగి రోజూ కడుక్కోవాలని, బిగుసుకుంటే డాక్టరుకు చూపించాలని మగపిల్లలకు టీచర్లు చెప్పాలి. దాంతోపాటు ప్రతి వాడకూ నీళ్లు, స్నానాల గది అడగాలి. సబ్బు గురించి చెప్పి నీళ్ల గురించి చెప్పకపోతే అది ఆరోగ్య ప్రచారం కాదు, నింద.