మీకు తెలుసా? మూడు భాషలకూ ఆమే డైరెక్టరు
1953 నాటి ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ డైరెక్ట్ చేసింది పి. భానుమతి, అదీ ముప్పై ఏళ్లు నిండకముందే! పైగా అందులో కవల అక్కచెల్లెళ్లిద్దరూ ఆవిడే. హీరో ఎన్టీ రామారావు. తీసింది కొడుకు పేరున భర్త రామకృష్ణారావుతో కలిసి పెట్టుకున్న సొంత సంస్థ, భరణీ పిక్చర్స్. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ 1952లోనే కన్నుమూయడంతో, మిగిలిన పని విశ్వనాథన్–రామమూర్తి పూర్తిచేశారు.

ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన ఈ తెలుగావిడను ‘నటనకు వ్యాకరణం’ అని తమిళంలో మెచ్చుకున్నవారు తమిళ నాయకుడు అన్నాదురై. ఇన్ని పనుల మధ్య తీరిక ఎలా దొరికిందో గానీ, ‘అత్తగారి కథలు’ కూడా రాసేశారు. 1966లో పద్మశ్రీ వచ్చింది.