పంటిగుంటకు లవంగతైలపు కట్టు

పన్ను తీయించుకొనిన పిదప గుంటలో గడ్డకట్టిన రక్తమే ఆ గాయమునకు మొదటి కట్టు. మొదటి 24 గంటలు పుక్కిలింపరాదు. గుంటను నాలుకతో కెలుకరాదు. కొన్నిదినములు చుట్ట ముట్టరాదు. ఆ గడ్డ ఊడినయెడల ఎముక బయటపడి, రెండు మూడు దినములలో చెవివఱకు ప్రాకు పోటు పుట్టును. అప్పుడు దంతవైద్యుడు గుంటను కడిగి, లవంగతైలమందలి యూజెనాల్ చేర్చిన మందు నుంచును. అది నొప్పిని అణచును. గాయమును మాన్పుకొనునది శరీరమే. లవంగతైలము మంచిదే కదా యని దానిని ఇంటిలో గుంటలో పోయరాదు. కలుపని తైలము చిగుళ్లను కాల్చును. పొగాకు, సున్నము, ఆకుపసరులును కూడవు. మఱునాటినుండి గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి మెల్లగా పుక్కిలించిన చాలును. పోటు హెచ్చినను, చీము, జ్వరము కలిగినను, రక్తము ఆగకున్నను, పొలముపని మాని వెంటనే వైద్యునికడకు పోవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.