జపాన్‌లో ఇంగ్లిషు మాస్టారు!

తాతల కాలంలో రంగం వెళ్లి ఓడరేవుల్లో మూటలు మోశారు. ఖరగ్‌పూర్‌ వెళ్లి రైల్వేలో చేరారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు వలస కొత్తేం కాదు. ఇప్పుడు కొందరు పిల్లలు జపాన్‌ వెళ్లి ఇంగ్లిషు పాఠాలు చెబుతామంటున్నారు. వెళ్లొచ్చా? నిక్షేపంగా. కాకపోతే విమానమెక్కేముందు తెలుసుకోవాల్సినవి కొన్నున్నాయి.

మీ ఇంట్లో ఇంగ్లిషు డిక్షనరీ ఉందా? అట్టమీద ‘ఆక్స్‌ఫర్డ్‌ అడ్వాన్స్‌డ్‌ లెర్నర్స్‌’ అని ఉంటే దాని పుట్టిల్లు ఏదో తెలుసా... టోక్యో! ఎ.ఎస్‌.హార్న్‌బీ అనే ఇంగ్లిషు మాస్టారు 1920ల్లో జపాన్‌ వెళ్లి పాఠాలు చెప్పాడు. పరాయి భాష నేర్చుకునేవాళ్లు ఎక్కడెక్కడ తడబడతారో గమనించి, మరో ఇద్దరితో కలిసి నిఘంటువు తయారుచేశాడు. 1942లో టోక్యోలో అచ్చయిన ఆ పుస్తకాన్ని 1948లో ఆక్స్‌ఫర్డ్‌ సంస్థ మళ్లీ వేసింది. అలా జపాన్‌లో పాఠం చెప్పిన మాస్టారి అనుభవం మన పిల్లలకీ అక్కరకొచ్చింది.

అప్పటికీ ఇప్పటికీ జపాన్‌ వాళ్లకి ఇంగ్లిషంటే మోజూ ఉంది, భయమూ ఉంది. ఏళ్లతరబడి వ్యాకరణం చదువుతారు, నోరు మాత్రం పెగలదు. అందుకే ఊరూరా ‘ఎయికైవా’ బడులు వెలిశాయి. ఎయికైవా అంటే ఇంగ్లిషు సంభాషణ. ఎక్కువగా రైల్వేస్టేషన్ల దగ్గరే ఉంటాయి. బడి అయ్యాక పిల్లలు, ఆఫీసు వదిలాక ఉద్యోగులు, తీరిక వేళల్లో గృహిణులు వచ్చి కూర్చుంటారు. కాబట్టి మాస్టారికి సాయంత్రాలూ, శని ఆదివారాలూ పనే. ఇక ప్రభుత్వ పాఠశాలల్లో జపాన్‌ టీచరు పక్కన నిలబడి మాట్లాడించే సహాయ ఉపాధ్యాయుల కొలువులు వేరే ఉన్నాయి. 2020 నుంచి అక్కడ ఐదో తరగతిలోనే ఇంగ్లిషు ఒక సబ్జెక్టయింది.

యేట్స్‌ దొర అడిగిన ప్రశ్న

ఎయికైవా బడుల్లో సాధారణంగా ఒకటే షరతు... తరగతిలో జపాన్‌ భాష వినపడకూడదు. వస్తువు చూపించాలి, సైగ చెయ్యాలి, పదేపదే పలికించాలి. నోటితో మొదలుపెట్టి తర్వాత పుస్తకంలోకి వెళ్లాలి.

ఉత్తరాంధ్రకు ఈ సంగతి వందేళ్ల కిందటే తెలుసు! 1906-07 ప్రాంతంలో జె.ఎ.యేట్స్‌ అనే దొర ఈ జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చాడు. భాషను మాట ద్వారానే నేర్పాలన్నది ఆయన పట్టుదల. తెలుగు నేర్చుకుంటుంటే ఆయనకో అనుమానమొచ్చింది. జనం మాట్లాడే తెలుగొకటి, పుస్తకాల్లో తెలుగొకటి... ఎందుకలా? ఆ ప్రశ్న గిడుగు రామమూర్తినీ, గురజాడ అప్పారావునీ కదిలించింది. ఇద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్లే. వ్యావహారిక భాషోద్యమానికి అక్కడే బీజం పడింది.

శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు, పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. దానికి లిపి లేదు, వాచకం లేదు. సవరను ఇంట్లో పెట్టుకుని, మాట్లాడించి, విని నేర్చుకున్నారు. 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువు తెచ్చారు. ఎదుటివాడి నోట మాట పుట్టించడమెలాగో తెలియాలంటే ముందు మనం వినడం నేర్చుకోవాలి. జపాన్‌ వెళ్లే మాస్టారికీ కావాల్సింది ఆ ఓపికే.

కొలువు ఎవరికి?

ముందుగా ఏదైనా డిగ్రీ ఉండాలి. అసలు చిక్కు ఆ తర్వాతే. పాఠశాలల్లో ఇంగ్లిషు చెప్పడానికిచ్చే వీసాకు, పన్నెండేళ్లపాటు ఇంగ్లిషు మీడియంలో చదివినట్టు చూపించాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఎంత చక్కగా మాట్లాడినా ఇక్కడ ఆగిపోతారు. ప్రైవేటు బడుల వీసా వేరు. కానీ వాటి ప్రకటనల్లో ‘ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవారికే’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. అమెరికా, బ్రిటన్‌ వాళ్లతో పోటీపడి నెగ్గాలంటే బోధనలో శిక్షణ పొంది ఉండటం మేలు. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో ఇంగ్లిషు బోధనపై కోర్సులున్నాయి, జపాన్‌ భాషా నేర్పుతారు.

అన్నిటికన్నా నమ్మకమైన దారి జెట్‌ కార్యక్రమం. జపాన్‌ ప్రభుత్వం 1987లో మొదలుపెట్టింది. మన దేశం నుంచి తీసుకునేది కొద్దిమందినే. ఢిల్లీలోని జపాన్‌ రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకోవాలి, ఏజెంట్ల ప్రమేయం ఉండదు. విమానం టికెట్టు వాళ్లదే. 2025లో పెంచిన లెక్క ప్రకారం తొలి ఏడాది జీతం 40 లక్షల 20 వేల యెన్‌లు. మన డబ్బులో 20 లక్షల పైమాటే. అయితే అద్దె, తిండి, బీమా, పింఛను కోతలు పోగా మిగిలేదే మనది. స్థానిక పన్ను ముందటేడాది ఆదాయంపై వేస్తారు కాబట్టి రెండో ఏడు చేతికొచ్చేది తగ్గుతుంది.

పేరు చూసి మోసపోవద్దు

పెద్ద సంస్థయితే భయం లేదనుకుంటే పొరపాటే. జపాన్‌లోకెల్లా పెద్ద ఇంగ్లిషు బడుల సంస్థ ‘నోవా’ 2007 అక్టోబరులో అప్పుల్లో మునిగి కోర్టును ఆశ్రయించింది. సుమారు 4 వేలమంది విదేశీ టీచర్లు జీతాల్లేక రోడ్డున పడ్డారు. అద్దె జీతంలోంచే కోసుకున్న సంస్థ ఇంటి యజమానులకు కట్టకపోవడంతో కొందరికి గూడూ పోయింది. కొందరు మాస్టార్లు పాఠానికి బదులు భోజనం పుచ్చుకున్నారు!

అందుకే ఇంటిల్లిపాదీ కూర్చుని నాలుగు విషయాలు చూసుకోవాలి. మనల్ని తీసుకునే యజమానే జపాన్‌ ఇమిగ్రేషన్‌ నుంచి అర్హతా పత్రం తెప్పించాలి. అదిగాక ‘టూరిస్టు వీసా మీద వెళ్లు, అక్కడ మార్చుకుందాం’ అన్నవాడిని గుమ్మంలోంచే పంపెయ్యాలి. ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్‌ ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగే రుసుము 2017 నిబంధనల ప్రకారం 30 వేల రూపాయలూ, పన్నూ. వారానికెన్ని గంటల పని, ఇల్లు ఎవరి పేరుమీద, మధ్యలో మానేస్తే ఏమవుతుంది... ఇవన్నీ ఒప్పందంలో రాసి ఉండాలి.

రంగం ఓడెక్కిన తాతల్లో చాలామందికి అక్షరం రాదు, ఎవరేం చెబితే అదే నమ్మి వెళ్లారు. ఇప్పుడు వెళ్తున్నది పదిమందికి చదువు చెప్పడానికి. ఆ ఒప్పందం ఇంగ్లిషులోనే ఉంటుంది... సంతకం పెట్టేముందు ప్రతి ముక్కా చదవండి మాస్టారూ!