గర్భిణీ రక్షణము – కొండదారులు

వైద్యుల కీర్తి వారు కుదిర్చిన రోగములచేత కొలువబడుట లోకాచారము. ప్రసూతివైద్యము తీరు వేఱు. గర్భము రోగము కాదు. వలసిన సాయము వేళకు అందెనేని చెప్పుకొనదగిన విశేషమేదియు జరుగదు; అందనినాడు ఒక యింటి దీపము ఆరిపోవును. కావున ఈ వైద్యము ఆసుపత్రి గుమ్మమువద్ద కాక, గర్భిణి యింటివద్దనే ఆరంభము కావలయునని మా యభిప్రాయము.

ఈ సత్యమును గుర్తించిన తెలుగు వైద్యులలో డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారు (1906–1964) అగ్రగణ్యులు. విజ్ఞానచంద్రికా మండలి స్థాపకులలో నొకరైన లక్ష్మణరావు పంతులుగారి కుమార్తె వీరు. తండ్రి శాస్త్రవిజ్ఞానమును తెలుగు భాషలోనికి తెచ్చిరి. కుమార్తె ప్రసూతి విజ్ఞానమును తెలుగిండ్లలోనికి కొనిపోయిరి. మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, బెజవాడలో వైద్యము చేయుచు, 'ప్రసూతి – శిశుపోషణ' అను గ్రంథమును రచించిరి. 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైరి. తమ చేతికి వచ్చినవారికి మాత్రమే వైద్యము చేసి తృప్తినొందక, తాము చూడజాలని తల్లులకొఱకు కలము పట్టుటయే వారి జీవితమునందలి విశేషము.

ఆ కలము ఎంత యవసరమో 1946 నాటి భోర్ సంఘ నివేదిక చెప్పుచున్నది. వేయి కాన్పులకు ఇరువదిమంది తల్లులు, అనగా లక్షకు రెండువేలమంది, మరణించుచుండిరని ఆ సంఘము అంచనా వేసెను. 2018–20 లెక్కలలో ఆంధ్రప్రదేశమున ఆ సంఖ్య లక్షకు 45. ఇది సామాన్య విజయము కాదు. అయినను సగటు లెక్క మైదానమును కొండను కలిపి చూపును. కొండమీది తల్లి కష్టము అందులో కానరాదు.

ఉత్తరాంధ్రమునందు ఈ భేదము స్పష్టము. విజయనగరమున స్త్రీల వైద్యాలయమునకు 'ఘోషాసుపత్రి' యని పేరు. ఆ పేరు పుట్టిన కాలమున స్త్రీకిని వైద్యమునకును నడుమ అడ్డుగా నిలిచినది ఘోషా. నేడు సాలూరు, పార్వతీపురము, సీతంపేట కొండలయందలి సవర, జాతాపు, కొండదొర స్త్రీలకు అడ్డు నిలుచునది దారి. నొప్పులు పడుచున్న స్త్రీని డోలీలో కూర్చుండబెట్టి, మగవారు భుజములపై మోసికొని వాగులు దాటించు వార్తలు 2022లో పార్వతీపురము మన్యము ప్రత్యేక జిల్లా యైన తరువాతను వెలువడినవి. కాన్పు తరువాతి రక్తస్రావము రెండు గంటలలోనే ప్రాణము తీయగలదు. గుఱ్ఱపువాతమును ప్రాణాపాయకరమే. ఇట్టిచోట 108 వాహనము రోడ్డు చివర వేచియుండిన నేమి ఫలము?

ఈ చిక్కునకు సాలూరులోనే ఒక మార్గము దొరికినది. 2018లో అచ్చట గిరిశిఖర గ్రామముల గర్భిణులకు వసతిగృహము నెలకొల్పబడెను. నెలలు నిండకమునుపే స్త్రీలు కొండ దిగి అచ్చట నివసించి, పుష్టికరమైన ఆహారము తినుచు, ఆసుపత్రికి చేరువలో కాన్పునకు ఎదురుచూతురు. ఆపద వచ్చిన పిమ్మట పరుగిడుటకంటె ఆపదకు ముందే చేరువగుట మేలు. అచ్చమాంబగారు గ్రంథముచేత చేసిన పనికి ఇది రూపాంతరమే.

అయితే వసతిగృహము కొండకు రోడ్డు వేయదు. ఇంట విడిచివచ్చిన పిల్లలకు అన్నము పెట్టదు. గర్భిణి అచ్చట నిలువవలయునన్న ఆమె కూలి నష్టము తీరవలయును. ఆమె భాష నెఱిగినవారు అచ్చట నుండవలయును. రోడ్డు పని ఋతువు దాటక సాగవలయును. ఇవి ప్రభుత్వముయొక్క విధులు.

మన విధులును కలవు. భూస్వాములు తమ పొలములలో పనిచేయు గర్భిణులకు కూలి కోయక విశ్రాంతి నీయవలయును. దారికొఱకు అడిగిన జానెడు నేలకై వ్యాజ్యమాడరాదు. పట్టణవాసులు రక్తదానమునకు వెనుదీయరాదు. రక్తనిధి వట్టిదైనచో కొండ దిగివచ్చిన తల్లికి ఆసుపత్రియు డోలీతో సమానమే.