ఇంటిపేరును బట్టి యూదవంశము తేలునా?

యాకోబు, దావీదు, ఇశ్రాయేలు మున్నగు పేర్లు నల్లగొండ, పాలమూరు సీమలలో నపూర్వములు గావు. తాతపేరు కాలక్రమమున మనుమల యింటిపేరుగా నిలిచినచో, “మా పూర్వులు యూదులేమో?” యను సందేహము పొడముట సహజమే. ఇది పరిహసింపదగిన ప్రశ్న కాదు. అయినను పేరొక్కటియే దీనికి సమాధానము చెప్పజాలదు.

మొదట, ఆ పేర్లు వచ్చిన త్రోవను చూడవలెను. 19వ శతాబ్ది తుదిభాగమున బాప్టిస్టు మిషను ఈ సీమలలో నడుగిడినది. నల్లగొండలో పనిచేసిన ఆబ్రహాము ఫ్రీసెను రష్యాదేశపు మెన్నొనైటు; ఆయన పేరును హీబ్రూ మూలముగలదే, కాని ఆయన యూదుడు గాడు. జ్ఞానస్నానముతోడ వచ్చిన పేరు మతమును దెలుపును, రక్తమును దెలుపదు.

రెండవది, మన యింటిపేరు తఱచుగా ఊరిపేరు. 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రియైన రామకృష్ణారావుగారి వంశనామము పుల్లంరాజువారు. లోకమునకు వారు స్వగ్రామమును బట్టి బూర్గులవారైరి. ఒక్క తరములోనే పేరిట్లు మారగా, రెండువేల యేండ్ల చరిత్రను దానినుండి పిండుట యెట్లు?

కొంకణమందలి బెనె ఇశ్రాయేలీయుల విషయము గమనింపుడు. వారు యూదులే, కాని వారి యింటిపేర్లు కెహిమ్‌కరు, రోహేకరు, పెణ్‌కరు! కిహీము, రోహా, పెణ్ అను గ్రామములనుండి పుట్టిన మరాఠీ పేర్లవి. వారిని పట్టిచ్చినది పేరు గాదు, ఆచారము. గానుగ నాడించు ఆ జనులు శనివారము పని మానుటచే, ఇరుగుపొరుగువారు వారిని ‘శనివార తేలీ’లని పిలిచిరి. సున్నతి, పొలుసులేని చేపల వర్జనము, ‘షెమా’ ప్రార్థన వారిలో నిలిచియుండెను. 2016లో వెలువడిన జన్యుపరిశోధన వారియందు పశ్చిమాసియా యూదుల యంశము స్థానికాంశముతో గలిసియున్నదని చూపినది.

మన తెలుగునాటను ఇట్టి వాదము గలదు. గుంటూరు సీమలో చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున, అంతకుముందు క్రైస్తవులైన కొన్ని మాదిగ కుటుంబములవారు 1991లో యూద ప్రార్థనాలయమును నెలకొల్పి, తాము ఎఫ్రాయీము గోత్రజులమని చెప్పుకొనిరి. వారినిగూర్చి ఎగొరోవా, పర్వేజు అను పండితులు 2013లో గ్రంథము వెలువరించిరి. ఊరిచివర నుంచబడిన జనులు తమ పుట్టువునకు గౌరవము వెదకికొనుటలో దోషమేమి? దోషము వారిని ఊరిచివర నుంచిన మనది.

కావున వంశాన్వేషకులకు మేము చెప్పునది యిది. చర్చిలోని జ్ఞానస్నానపు పుస్తకములు, భూమి దస్తావేజులు, ఆడబడుచులెఱిగిన పెండ్లి చావు ఆచారములు, ముదుసళ్ల నోటి మాటలు ముందుగా చేర్చుడు. పేరును కడపట నుంచుడు. తేలినది యెరూషలేమైనను సరే, మాదిగవాడయైనను సరే, సత్యము నెఱిగినవాడు తల యెత్తుకొని నిలువదగును. పరదేశపు వంశము తోడుగా వచ్చినగాని మనిషికి మన్నన దక్కని సంఘమే తల వంచుకొనవలసినది.